మణికట్టులో పెట్టిన ఎముక గ్రాఫ్ట్ అతుకుతోందా? ఎక్స్‌రే ఫిల్ములో చూసి తెలుసుకునే పద్ధతి

మణికట్టుకు గ్రాఫ్ట్ (అతుకు పడటానికి తెచ్చి పెట్టే ఎముక) వేయించుకున్నవాళ్లు ఎక్స్‌రే బల్ల మీది నుంచి చెయ్యి తీయకముందే అడిగే ప్రశ్న “అతుక్కుందా అండీ?” హైదరాబాద్‌లో రేడియోగ్రాఫర్‌గా పనిచేస్తున్నాను కాబట్టి ఈ ప్రశ్న నాకు రోజూ ఎదురవుతుంది. ఫోన్లో అడుగుతారు, ఫిల్మును ఫొటో తీసి వాట్సాప్‌లో పంపి అడుగుతారు. అతుక్కుందని చెప్పవలసినది మీకు ఆపరేషన్ చేసిన డాక్టరు. అయితే డాక్టరు ముందు కూర్చునే ఆ కొద్ది నిమిషాల్లో ఆయన ఫిల్ములో ఏం చూపిస్తున్నారో మీకు అర్థం కావాలంటే కొంత సిద్ధపడి వెళ్లాలి. ఇది అందుకోసం రాసినది.

గ్రాఫ్ట్ దాకా వచ్చేవాళ్లలో చాలామంది కథ ఒకేలా ఉంటుంది. వానలో స్కూటర్ జారి అరచెయ్యి ఆనించి పడతారు. వాపు పెద్దగా ఉండదు. బెణుకే అనుకుని ఐసు పెట్టి, బామ్ రాసి ఊరుకుంటారు. కొందరు ఎక్స్‌రే తీయించుకున్నా, మొదటి రోజుల ఫిల్ములో సన్నని పగులు కనిపించకపోవచ్చు. నెలల తర్వాత గ్యాస్ సిలిండర్ ఎత్తినప్పుడో, నేల మీద చెయ్యి ఆనించి లేచినప్పుడో నొప్పి పొడుస్తుంది. అప్పుడు తీసిన ఫిల్ములో మణికట్టులో బొటనవేలి వైపున్న స్కాఫాయిడ్ అనే చిన్న ఎముక విరిగి, అతుక్కోకుండా ఉండిపోయిందని బయటపడుతుంది. అందుకే ఇక్కడ ప్రధానంగా స్కాఫాయిడ్‌లో పెట్టిన గ్రాఫ్ట్ గురించే చెబుతాను. వంకరగా అతుక్కున్న రేడియస్ ఎముకను (ముంజేతిలో బొటనవేలి వైపుది) సరిచేసి గ్రాఫ్ట్ పెట్టినవాళ్లకు కూడా దాదాపు ఇవే మెట్లు పనికివస్తాయి. రేడియస్ చివరి భాగానికి రక్తం బాగా అందుతుంది కాబట్టి అక్కడ అతుకు సాధారణంగా త్వరగా పడుతుంది.

కావలసినవి

ఆపరేషన్‌కు ముందు తీసిన ఫిల్ము, ఆపరేషన్ అయిన వెంటనే తీసినది, ఆ తర్వాతివి అన్నీ ఒకచోట పెట్టుకోండి. వీటిలో ఆపరేషన్ అయిన వెంటనే తీసిన ఫిల్ము అన్నిటికన్నా ముఖ్యం. అది పోయిందంటే తర్వాతి ఫిల్ములను దేనితో పోల్చాలో డాక్టరుకు కూడా తెలియదు. డిశ్చార్జి సమ్మరీ, వీలైతే ఆపరేషన్ నోట్సు నకలు కూడా ఉండాలి. ఫిల్ము చూడటానికి తెల్లని వెలుగు కావాలి. ల్యాప్‌టాప్‌లో ఖాళీ తెల్ల పేజీ తెరిచి, వెలుతురు పూర్తిగా పెంచి, దాని ముందు ఫిల్ము పట్టుకుంటే సరిపోతుంది. ట్యూబ్‌లైటు కింద పట్టుకుంటే మధ్యలో వెలుగు గీత పడి సన్నని వివరాలు పోతాయి. పగలైతే కిటికీలోంచి కనిపించే తెల్లని ఆకాశం అన్నిటికన్నా మంచిది. ఒక చిన్న భూతద్దం, తేదీలు రాసుకోవడానికి కాగితం ఉంటే చాలు.

సెంటర్‌లో సీడీగానీ ఫోనుకు లింకుగానీ ఇస్తామంటే తప్పకుండా తీసుకోండి. ప్రింటులో కనిపించనిది కంప్యూటర్ తెర మీద పెద్దది చేస్తే కనిపిస్తుంది. లింకులు కొంతకాలానికి పనిచేయకుండా పోతాయి, అందుకని ఆ రోజే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి.

1. మీకు పెట్టిన గ్రాఫ్ట్ ఏ రకమో తెలుసుకోండి

ఈ మెట్టు దాటవేస్తే మిగిలినవన్నీ తప్పుదారి పడతాయి, ఎందుకంటే ఒక్కో గ్రాఫ్ట్ ఫిల్ములో ఒక్కో రకంగా కనిపిస్తుంది. డిశ్చార్జి సమ్మరీలో వెతకండి.

‘క్యాన్సెలస్’ అని ఉంటే ఎముక లోపలి మెత్తని భాగాన్ని తవ్వి తెచ్చి నింపారని అర్థం. తుంటి పైఅంచు నుంచి తెస్తారు, లేదా అదే చేతి రేడియస్ చివరి నుంచి తెస్తారు. ‘మాటి-రస్సే’ అని రాసి ఉంటే విరిగిన రెండు ముక్కల లోపలా గుంత చేసి అందులో గ్రాఫ్ట్ కూరారన్నమాట. ‘కార్టికో క్యాన్సెలస్ వెడ్జ్’ అనో, ‘ఫిస్క్-ఫెర్నాండెజ్’ అనో ఉంటే ఒకవైపు గట్టి పెంకు ఉన్న మూడు మూలల ముక్కను ముందువైపు నుంచి దూర్చి, కుంగిపోయిన ఎముకను మళ్లీ పొడవు చేశారు. ‘వ్యాస్కులరైజ్డ్’ అని ఉంటే ఎముక ముక్కను దాని రక్తనాళంతో సహా తిప్పి తెచ్చారు. రేడియస్ వెనుకవైపు నుంచి ఇలా తెచ్చే పద్ధతిని జైడెంబర్గ్ అనే సర్జన్ 1991లో వివరించారు. స్కాఫాయిడ్ ముక్కకు రక్తం ఆగిపోయినప్పుడు, లేదా ముందు చేసిన గ్రాఫ్ట్ విఫలమైనప్పుడు ఎక్కువగా దీన్ని ఎంచుకుంటారు.

కాల్షియం సల్ఫేట్, ట్రైకాల్షియం ఫాస్ఫేట్ లాంటి పేర్లు ఉంటే అది కృత్రిమ గ్రాఫ్ట్. ఇవి రేడియస్‌లో ఎక్కువగా వాడతారు. ఫిల్ములో అసలు ఎముకకన్నా తెల్లగా మెరుస్తాయి. కాల్షియం సల్ఫేట్ కొన్ని వారాల్లోనే కరిగి మాయమవుతుంది. “మొన్న ఉన్న తెల్లటి మందు ఇవాళ లేదు, ఊడిపోయింది” అని కంగారుపడేవాళ్లు దీని గురించి ముందే తెలుసుకుంటే నిశ్చింతగా ఉంటారు.

దేనితో బిగించారో కూడా రాసుకోండి. తల లేని స్క్రూ అయితే ఫిల్ములో రెండు చివర్లా మరలు, మధ్యలో నున్నటి కడ్డీ కనిపించవచ్చు. హెర్బర్ట్ అనే సర్జన్ 1984లో ప్రకటించిన స్క్రూ ఇలాంటిదే. మొత్తం పొడవునా మరలు ఉండే రకాలూ ఉన్నాయి. సన్నని నిటారు గీతలుగా కనిపించేవి కె-వైర్లు.

2. ఫిల్ములను తేదీల వరుసలో పేర్చండి

ప్రతి ఫిల్ము మూలనా మీ పేరు, తేదీ, ఎడమ చెయ్యా కుడి చెయ్యా అన్న గుర్తు ఉంటాయి. మూడూ సరిచూసుకోండి. ఆపరేషన్ తేదీ నుంచి ఎన్ని వారాలైందో లెక్కకట్టి కాగితం మీద రాసి ఫిల్ముకు పిన్ను చేయండి. ఫిల్ము మీద పెన్నుతో రాయవద్దు. పగులు ఉన్నచోట బాల్‌పెన్నుతో గుండ్రం చుట్టుకుని తెచ్చే ఫిల్ములు నాకు తరచూ కనిపిస్తాయి. చూడవలసిన సన్నని గీత సరిగ్గా ఆ సిరా కిందే ఉంటుంది.

తర్వాత ఒకే భంగిమలో తీసినవాటిని జతచేయండి. మణికట్టుకు సాధారణంగా నాలుగు రకాల ఫిల్ములు తీస్తారు: అరచెయ్యి బల్లకు ఆనించి తీసినది, చెయ్యి పక్కకు నిలబెట్టి తీసినది, ఏటవాలుగా తీసినది, స్కాఫాయిడ్ కోసం ప్రత్యేకంగా తీసినది. ఈ చివరి దానికి అరచెయ్యి బల్ల మీద ఉంచి, మణికట్టును చిటికెన వేలి వైపు వంచమంటాం, కొన్నిసార్లు పిడికిలి బిగించమంటాం. అలా వంచితేనే ముందుకు ఒరిగి ఉన్న స్కాఫాయిడ్ నిటారుగా సాగి, పూర్తి పొడవుతో కనిపిస్తుంది. వంచకుండా తీస్తే ఎముక పొట్టిగా కనబడి, దాని ఒక భాగం ఇంకో భాగం మీద పడి, ఉన్న సందు కూడా లేనట్టే ఉంటుంది.

మొన్నటి ఫిల్ము వంచి తీసి, ఇవాళ్టిది వంచకుండా తీస్తే రెండింటినీ పోల్చడంలో అర్థం లేదు. “గీత పోయింది, అతుక్కుంది” అని సంబరపడి ఇంటికి వెళ్లినవాళ్లకు రెండు నెలల తర్వాత అదే గీత మళ్లీ కనిపించడానికి మొదటి కారణం ఇదే. అందుకని ఎక్స్‌రే గదిలోకి వెళ్లినప్పుడు పాత ఫిల్ము చూపించి “దీనిలాగే తీయండి” అని అడగండి. మాలాంటివాళ్లం దాన్ని తప్పుగా తీసుకోం. మాకు అది పెద్ద సాయం. నొప్పివల్ల అంతగా వంచలేకపోతే బలవంతపెట్టుకోకుండా ఆ మాట చెప్పండి.

వీలైతే ప్రతిసారీ ఒకే సెంటర్‌లో తీయించుకోండి. ఒకసారి దిల్‌సుఖ్‌నగర్‌లో, ఇంకోసారి అమీర్‌పేటలో, దారిలో ఏది తగిలితే అక్కడ తీయించుకుంటే యంత్రం మారుతుంది, కొలత మారుతుంది, తెలుపు నలుపు మారతాయి. డాక్టరు ఇంకోచోటికి పంపితే పాత ఫిల్ములు వెంట తీసుకువెళ్లండి.

3. ఎముకను గుర్తుపట్టండి

మణికట్టులో చిన్న ఎముకలు ఎనిమిది, రెండు వరుసలుగా ఉంటాయి. ముంజేతి నుంచి వచ్చే రెండు ఎముకల్లో బొటనవేలి వైపు ఉన్న లావుపాటి చివర రేడియస్. దానికి ఆనుకుని, బొటనవేలి వైపు జీడిపప్పులా ఒంపు తిరిగి ఉన్నదే స్కాఫాయిడ్. దాని పక్కన లూనేట్, ఆ రెండింటికీ పైన అన్నిటికన్నా పెద్దదైన క్యాపిటేట్ ఉంటాయి. ఈ క్యాపిటేట్‌ను బాగా గుర్తుపెట్టుకోండి, దానితో పని ఉంది.

స్కాఫాయిడ్‌కు రక్తం ఎక్కువ భాగం వేళ్ల వైపు చివర నుంచి లోపలికి వచ్చి, వెనక్కి మోచేతి వైపు ప్రయాణిస్తుంది. ఎముక నడుము దగ్గర, అంటే మధ్యలో విరిగితే మోచేతి వైపు ముక్కకు సరఫరా తెగుతుంది. ఈ ఎముక ఇంతగా సతాయించడానికి మూలం అదే. గ్రాఫ్ట్‌కు రెండు అంచులు ఉంటాయి కదా, ఒకటి వేళ్ల వైపు ముక్కతో, ఒకటి మోచేతి వైపు ముక్కతో కలిసే చోటు. సాధారణంగా మోచేతి వైపు అంచు ఆలస్యంగా అతుకుతుంది.

4. మొదటి ఫిల్మును తీరిగ్గా చదవండి

ఆపరేషన్ అయిన వెంటనే తీసిన ఫిల్ములో గట్టి ముక్క పెట్టినవాళ్లకు గ్రాఫ్ట్ అంచులు కత్తితో కోసినట్టు స్పష్టంగా ఉంటాయి. నిజంగా కోసినవే కదా. దానికి అటూ ఇటూ సన్నని నల్లని గీతలు ఉండవచ్చు. మెత్తని గ్రాఫ్ట్ నింపినచోట అంచులేమీ ఉండవు. చిన్న చిన్న తెల్లని పలుకులు, మధ్యమధ్య నలుపు, అంతా మసకగా ఉంటుంది. రెండూ మామూలే.

రేడియస్ చివరి నుంచి గ్రాఫ్ట్ తీసి ఉంటే, కీలుకు కాస్త మోచేతి వైపున రేడియస్‌లో గుండ్రటి నల్లని మచ్చ కనిపిస్తుంది. తవ్వి తీసిన చోటు అది. చాలామంది దాన్ని చూసి కొత్తగా ఏదో గడ్డ వచ్చిందనుకుంటారు. నెలలు గడిచేకొద్దీ అది చుట్టూ నుంచి పూడుకుంటూ వస్తుంది.

కాగితం మీద నాలుగు సంగతులు రాసుకోండి: రెండు అంచుల దగ్గరా సందు ఎంత స్పష్టంగా ఉంది, స్క్రూ చివరలు ఎముక లోపల ఎక్కడ ఆగాయి, గ్రాఫ్ట్ ఏ వైపుకైనా పొడుచుకొచ్చి ఉందా, పక్కనుంచి తీసిన ఫిల్ములో స్కాఫాయిడ్ ఎంత వంగి ఉంది. ఇక ముందు ప్రతి ఫిల్మునూ ఈ నాలుగింటితోనే పోలుస్తారు. స్కేలు పెట్టి మిల్లీమీటర్లు కొలవవద్దు. ఒకే షీటు మీద నాలుగు బొమ్మలు కుదించి ప్రింటు చేస్తారు కాబట్టి ఆ కొలత నిజమైన కొలత కాదు.

5. వారాలను బట్టి ఏం కనిపించాలో చూడండి

ఈ లెక్కలు సుమారువి. వయసు, ఎముక విరిగి ఎన్నాళ్లైంది, ముక్క ఎంత చిన్నది, పొగ తాగుతారా, షుగరు అదుపులో ఉందా అన్నదాన్ని బట్టి అటూ ఇటూ అవుతాయి. పొగ తాగేవాళ్లలో ఈ అతుకు ఆలస్యం కావడం, అసలు పడకపోవడం ఎక్కువ. ఆ సంగతి ఫిల్ము చేతికి వచ్చాక కాకుండా ముందే తెలిస్తే మేలు.

*మొదటి 2 వారాలు.* మార్పేమీ ఉండదు. ఈ ఫిల్ము స్క్రూ, గ్రాఫ్ట్ పెట్టినచోటే ఉన్నాయా అని చూడటానికే.

*4 నుంచి 6 వారాలు.* అందరినీ భయపెట్టే దశ ఇది. మొదట స్పష్టంగా ఉన్న అంచులు మసకబారతాయి. సందు కొంచెం వెడల్పైనట్టు కూడా ఉండవచ్చు. తెచ్చి పెట్టిన ఎముకలోకి కొత్త రక్తనాళాలు పాకుతూ, పాతదాన్ని కొంత కరిగించి, ఆ జాగాలో కొత్త ఎముకను పేర్చుకుంటూ పోతాయి. కరిగేది ముందు, కట్టేది తర్వాత. అందుకే మధ్యలో ఒకసారి పరిస్థితి వెనక్కి వెళ్లినట్టు కనిపిస్తుంది. రక్తనాళంతో తెచ్చిన గ్రాఫ్ట్‌లో ఈ కరిగే దశ తక్కువగా ఉంటుంది.

ఇదే సమయంలో కట్టులో కదలకుండా ఉన్నందువల్ల మణికట్టు ఎముకలన్నీ బూడిదరంగుకు తిరిగి, అక్కడక్కడ నల్లని చుక్కలతో గుల్లబారినట్టు అవుతాయి. వాడకం లేక వచ్చిన పలుచదనం అది. చెయ్యి మళ్లీ పనిలోకి వచ్చాక నెలల మీద సర్దుకుంటుంది.

*8 నుంచి 12 వారాలు.* భూతద్దం తీయవలసిన సమయం. ఎముక లోపల సన్నని తెల్లని గీతలు ఒక అల్లికలా ఉంటాయి, రిపోర్టుల్లో వాటిని ట్రాబెక్యులే అంటారు. ఒక ముక్కలో మొదలైన గీతను చూపుతో వెంబడించండి. అది నల్లని సందు దగ్గర ఆగిపోతోందా, దాటి గ్రాఫ్ట్‌లోకి వెళ్తోందా? అంచు పొడవునా ఒకటి రెండు చోట్లయినా దాటుతుంటే అతుకు మొదలైందన్నమాట. వేళ్ల వైపు అంచులో దాటి, మోచేతి వైపు అంచులో ఇంకా ఆగి ఉంటే సగం పని అయిందని. రిపోర్టులో ‘పార్షియల్ యూనియన్’ అని రాసేది ఇలాంటిదాన్నే.

*3 నుంచి 6 నెలలు.* రెండు అంచుల దగ్గరా సందు చెదిరిపోతుంది. గ్రాఫ్ట్ ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో వేలుపెట్టి చూపించడం కష్టమవుతుంది. మీకు కావలసిన ఫలితం అదే.

*6 నెలలు దాటాక.* గ్రాఫ్ట్ తెలుపు, చుట్టూ ఉన్న ఎముక తెలుపు ఒకటవుతాయి. గట్టి పెంకు ఉన్న ముక్క అయితే ఆ పెంకు తెల్లని చారగా ఏడాది దాటినా కనిపించవచ్చు, దానితో ప్రమాదం లేదు.

స్కాఫాయిడ్‌లో ఒక సంగతి మరచిపోవద్దు. కాలి ఎముకో, చేతి పొడవు ఎముకో విరిగితే చుట్టూ బొడిపెలా కొత్త ఎముక కడుతుంది. స్కాఫాయిడ్ ఉపరితలం చాలావరకు మృదులాస్థితో కప్పి ఉంటుంది కాబట్టి ఇక్కడ అలాంటి బొడిపె రాదు. “మా తమ్ముడి కాలికి ఎంత ఎముక కట్టిందో, నాకు ఏమీ కట్టలేదు” అని దిగులుపడకండి.

6. చెడు గుర్తులు ఉన్నాయేమో వెతకండి

ఈ మెట్టులో తొందరపడకండి. ప్రతి గుర్తునూ ముందటి ఫిల్ముతో పక్కపక్కన పెట్టి చూడండి.

సందు అంచులు మసకగా కాకుండా నున్నగా, తెల్లగా, గట్టిపడినట్టు తయారవుతున్నాయా? 6 వారాల నాటి మసక మంచిదే. 4 నెలలకు నున్నటి తెల్లని అంచులు, మధ్యలో శుభ్రమైన నల్లని గీత ఉంటే మంచిది కాదు. అతుకు ప్రయత్నం ఆగిపోయిందని అనుమానించాలి.

స్క్రూ చుట్టూ నల్లని వలయం ఉందా? ఎముక స్క్రూను గట్టిగా పట్టుకుని ఉంటే మరల దాకా తెలుపే ఉంటుంది. వదులైతే స్క్రూ పొడవునా సన్నని నల్లని అంచు ఏర్పడి, ఫిల్ము ఫిల్ముకూ వెడల్పవుతుంది. అలాగే స్క్రూ కొన రేడియస్ కీలులోకి గానీ, పైనున్న ఎముక వైపు గానీ పొడుచుకొస్తే ఆలస్యం చేయకుండా చూపించండి. లోహం కొన మృదులాస్థిని గీరుతుంది. వైరు వంగినా విరిగినా అంతే.

పక్కనుంచి తీసిన ఫిల్ములో స్కాఫాయిడ్ మళ్లీ మధ్యలో గూనిలా వంగుతోందా? స్కాఫాయిడ్‌కు, లూనేట్‌కు మధ్య కోణం మామూలుగా 30 నుంచి 60 డిగ్రీలు ఉంటుంది. రిపోర్టులో ఈ అంకె క్రమంగా పెరుగుతూ పోతే పెట్టిన ముక్క నలిగిందనో, కదిలిందనో డాక్టరు ఆలోచిస్తారు. ఈ కోణాన్ని మీరు కొలవనక్కరలేదు, రిపోర్టుల్లోని అంకెలను వరుసగా రాసుకుంటే చాలు.

మోచేతి వైపు ముక్క ఒక్కటే మిగతావాటికన్నా బాగా తెల్లగా ఉందా? చుట్టూ ఉన్న ఎముకలు పలుచబడితే, రక్తం అందని ముక్క పలుచబడలేక పాత తెలుపుతోనే నిలిచిపోతుంది. అలా తెల్లగా ఉన్నంతమాత్రాన ఆ ముక్క చచ్చిపోయిందని తేలదు. తెలుపు తగ్గకుండా, ముక్క కుంగుతూ, పగుళ్లు వస్తుంటేనే ఆందోళన. రక్తం సంగతి తేల్చుకోవడానికి డాక్టరు ఎమ్మారై చేయించవచ్చు.

ఎర్రబారడం, చీము, జ్వరం, రాత్రి నిద్ర పట్టనివ్వని నొప్పి ఉంటే ఫిల్ములు పోలుస్తూ కూర్చోవద్దు. ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.

తరచూ జరిగే పొరపాట్లు

తెలుపును అతుకు అనుకోవడం వీటిలో మొదటిది. డిజిటల్ ఎక్స్‌రేలో కంప్యూటర్ తెలుపు నలుపులను తనంతట తానే సర్దుతుంది. ఒకే చెయ్యి ఇవాళ తెల్లగా, రేపు బూడిదగా ప్రింటు కావచ్చు. అందుకని ఒక ఫిల్ములోని గ్రాఫ్ట్‌ను ఇంకో ఫిల్ములోని గ్రాఫ్ట్‌తో నేరుగా పోల్చకండి. ప్రతి ఫిల్ములోనూ గ్రాఫ్ట్‌ను అదే ఫిల్ములోని క్యాపిటేట్‌తో పోల్చండి. క్యాపిటేట్‌కన్నా తెలుపా, తక్కువా, సమానమా అని రాసుకోండి. ఆ మాటను తర్వాతి ఫిల్ములోని మాటతో పోల్చవచ్చు.

కట్టు మీద నుంచి తీసిన ఫిల్మును కట్టు లేకుండా తీసినదానితో పోల్చడం ఇంకొకటి. పిండికట్టు నీడలో సన్నని గీతలు మునిగిపోతాయి. ఫైబర్ కట్టు కొంత నయం. అతుకు చూడవలసిన ముఖ్యమైన ఫిల్ముకు కట్టు తీసి తీయాలా అని డాక్టరును ముందే అడిగి చీటీలో రాయించుకోండి. ఇంట్లో మీరే కోసుకుని రావద్దు.

వాట్సాప్ ఫొటో చూసి ఎవరైనా చెప్పే మాటను నమ్మకండి. ఫోను దాన్ని కుదిస్తుంది, వెనక ఉన్న బల్బు వెలుగు పడుతుంది. గీతలు దాటాయా లేదా అన్నది అందులో ఎవరికీ కనిపించదు. దూరంగా ఉన్న డాక్టరుకు పంపవలసివస్తే సీడీలోని అసలు ఫైళ్లు పంపండి.

నొప్పి తగ్గింది కదా అని కట్టు ముందే తీసేయడం, మణికట్టును తోమించుకోవడం, పుత్తూరు కట్టుకు మారడం చాలా నష్టం చేస్తాయి. లోపల స్క్రూ, గ్రాఫ్ట్ ఉన్న మణికట్టును మీ సర్జన్ చెప్పకుండా ఎవరూ తిప్పకూడదు. స్కాఫాయిడ్ అతుక్కోకపోయినా నొప్పి తగ్గగలదు. మొదటిసారి మనల్ని మోసం చేసినది కూడా ఆ నొప్పి లేకపోవడమే.

ఎక్స్‌రేల కిరణాలకు భయపడి ఫిల్ము మానుకునేవాళ్లూ ఉన్నారు. మణికట్టు ఎక్స్‌రేలో అందే మోతాదు మిల్లీసీవర్ట్‌లో వెయ్యో వంతు స్థాయిలో ఉంటుంది. నేల నుంచి, గాలి నుంచి, ఆకాశం నుంచి మనిషికి ఏడాదికి ఎలాగూ అందేది ప్రపంచ సగటున 2.4 మిల్లీసీవర్ట్‌లు. డాక్టరు అడిగిన ఫిల్ము తీయించుకోండి. గర్భం ఉంటే, ఉందేమోనన్న అనుమానం ఉన్నా, గదిలోకి రాగానే మాకు చెప్పండి. వారానికోసారి సొంతంగా తీయించుకోవడం మాత్రం వృథా, ఎముక అంత త్వరగా మారదు.

7. చూసినది సరైనదేనా అని సరిచూసుకోండి

ఎక్స్‌రేకు ఒక హద్దు ఉంది. మూడు కొలతల ఎముకను ఒక చదునైన నీడగా మార్చి చూపిస్తుంది. ముందువైపు అతుక్కుని వెనుకవైపు ఖాళీగా ఉన్నా, రెండూ ఒకదాని మీద ఒకటి పడి అంతా అతుక్కున్నట్టే ఉండవచ్చు. స్కాఫాయిడ్ విరిగిన 12 వారాలకు తీసిన ఫిల్ములను వేర్వేరు నిపుణులకు చూపించి, 1988లో బ్రిటన్‌లో ప్రచురించిన ఒక పరిశీలనలో, అతుక్కుందా లేదా అన్నదాని మీద వాళ్ల మధ్య ఏకాభిప్రాయం బాగా తక్కువగా ఉంది. అవి గ్రాఫ్ట్ లేకుండా మామూలుగా విరిగిన ఎముకలు. గ్రాఫ్ట్, స్క్రూ కలిస్తే చదవడం ఇంకా కష్టం. కాబట్టి మీ కంటికి స్పష్టంగా తేలకపోతే అది మీ లోపం కాదు.

అందుకని మూడు వైపుల నుంచి సరిచూస్తారు. ఒకటి, ఫిల్ముల వరుస. రెండోది డాక్టరు చేతి పరీక్ష: బొటనవేలిని వెనక్కి చాచినప్పుడు దాని మొదట్లో పడే గుంతలో నొక్కితే నొప్పి ఉందా, పట్టు బలం ఎంత ఉంది అని చూస్తారు. మూడోది సీటీ స్కాన్. స్కాఫాయిడ్ పొడవు వెంట పొరలు పొరలుగా తీసిన సీటీలో గీతలు ఏ పొరలో దాటాయో, ఏ పొరలో దాటలేదో లెక్కపెట్టవచ్చు. అడ్డంగా చూస్తే సగానికి పైగా అతుక్కుని ఉంటే కదలికలు మొదలుపెట్టవచ్చని చాలామంది సర్జన్లు భావిస్తారు. స్క్రూ లోహం వల్ల సీటీలో చారలు పడతాయి. టైటానియం అయితే తక్కువ, స్టీలు అయితే ఎక్కువ. అందుకే సీటీకి వెళ్లేటప్పుడు స్క్రూ ఏ లోహమో రాసి ఉన్న డిశ్చార్జి సమ్మరీ వెంట ఉండాలి. స్కాఫాయిడ్ పొడవు వెంట పొరలు కావాలని డాక్టరు చేత చీటీలో రాయించండి. ఉత్త ‘సీటీ రిస్ట్’ అని ఉంటే ఆ పొరలు ప్రింటులో లేకపోవచ్చు.

సీటీ అందరికీ అవసరం లేదు. బరువు పని, ఆటలు, బండి మీద డెలివరీ పని మళ్లీ మొదలుపెట్టేముందు, లేదా 3 నెలల ఫిల్ము ఎటూ తేలనప్పుడు “సీటీ చేయిస్తే తేలుతుందా డాక్టరుగారూ?” అని మీరే అడగవచ్చు. ఖర్చు గురించి వెనకాడేవాళ్లకు నా అభిప్రాయం ఒకటే: అనుమానం ఉన్న అతుకు మీద బరువు మోపి స్క్రూ విరగ్గొట్టుకోవడంకన్నా, ఒక్కసారి సీటీ చేయించుకోవడం తక్కువ ఖర్చు.

8. డాక్టరు దగ్గర అడగవలసినవి

ఫిల్ములు పాతది ఎడమవైపు, కొత్తది కుడివైపు వచ్చేలా పేర్చి ఇవ్వండి. “అతుక్కుందా?” అని ఒక్క మాట అడిగితే “అతుకుతోంది” అన్న ఒక్క మాటే వస్తుంది. విడదీసి అడగండి. వేళ్ల వైపు అంచు దాటిందా? మోచేతి వైపు అంచు దాటిందా? స్క్రూ కదిలిందా? ఎముక ఒంపు ఆపరేషన్ నాటిలాగే ఉందా? తర్వాతి ఫిల్ము ఎన్ని వారాలకు, ఏ భంగిమలో?

రిపోర్టులో ‘ఫ్రాక్చర్ లైన్ ఇంకా కనిపిస్తోంది’ అని ఉంటే ఎన్ని వారాల ఫిల్ములో అలా ఉందో చూడండి. 6 వారాలకు అది మామూలు మాట, 6 నెలలకు ఆలోచించవలసిన మాట. ‘డిలేడ్ యూనియన్’ అంటే ఆలస్యమవుతోందని, ‘నాన్ యూనియన్’ అంటే అతుకు పడలేదని. ‘క్లినికల్ కోరిలేషన్’ అని చివర రాస్తే, చెయ్యి పట్టుకుని పరీక్షించి తేల్చండని మీ డాక్టరుకు రేడియాలజిస్టు చెబుతున్నారు. రిపోర్టు రాసినవారికి పాత ఫిల్ములు చూపించకపోతే వారు పోల్చలేరు. ఫిల్ము తీయించుకునేటప్పుడే కవరులో పాతవి కూడా పెట్టి ఇవ్వండి.

ఇక బండి ఎప్పుడు నడపవచ్చన్నది. కుడిచేతి మణికట్టు అయితే యాక్సిలరేటరు, ముందు బ్రేకు రెండూ ఆ చేతి మీదే ఉంటాయి. ఎడమ చెయ్యి అయితే క్లచ్చు. గతుకుల రోడ్డు మీద హ్యాండిల్ నుంచి వచ్చే అదురు నేరుగా స్కాఫాయిడ్ మీదే పడుతుంది. రెండు అంచులూ దాటాయని డాక్టరు చెప్పి, నొక్కితే నొప్పి లేక, గట్టిగా బ్రేకు పట్టగలిగిన తర్వాతే బండి తీయండి. అప్పటిదాకా మెట్రో, బస్సు వాడండి. బస్సులో పైకడ్డీని బాగున్న చేత్తో పట్టుకోండి, గ్రాఫ్ట్ వేసిన చేత్తో వేలాడవద్దు.